హైమవతి కోసం ప్రార్థన

ఎర్ర స్కూటీని రెండు మోటారు సైకిళ్ళ సందులోకి తోసి, హ్యాండిల్‌ను పొట్టకు ఆనించుకుని, సుకుమారి కాలితో స్టాండు మీద ఒక్క తొక్కు తొక్కింది. బండి వెనక్కి జరిగి మర్యాదగా నిలబడింది. సుద్దముక్కతో సీటు మీద నంబరు వేసి, అదే నంబరున్న రేకు బిళ్ళను బండి తాలూకు మనిషి చేతిలో పెట్టింది. అతను బిళ్ళ జేబులో వేసుకుంటూనే నెల్లూరు బస్సు వెంట పరిగెత్తాడు.

"అబ్బయ్యా, హెల్మెట్టు!" అని అరిచింది సుకుమారి. అప్పటికే అతను బస్సు మెట్టు మీద ఉన్నాడు. హెల్మెట్టు అతని తల మీదే ఉంది. బస్సులో కూడా హెల్మెట్టు పెట్టుకుని కూర్చునే బుద్ధిమంతులు ఉదయగిరిలో ఉన్నందుకు ఆమె తనలో తను నవ్వుకుంది.

ఉదయగిరి బస్టాండు పక్కన రేకుల షెడ్డే ఆమె కచేరీ. సుకుమారి పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, బండ్లను ఇటూ అటూ సర్ది సర్ది అవి మగవాళ్ళ భుజాల్లా గట్టిపడ్డాయి. చీర మీద చనిపోయిన మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటుంది. ఎండకు చేతులు నల్లబడతాయని కాదు, చొక్కాకు జేబు ఉంటుందని. జేబులో సుద్దముక్క, ఒక కాడకు దారం చుట్టిన కళ్ళజోడు, వక్కపలుకులు. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉంటుంది. చర్చిలో ప్రభుబల్లకు రొట్టెముక్క అందుకునేదీ ఆ వేలితోనే. ఎంత తోమినా తెలుపు వదలదు, ఆమె కూడా తోమడం మానేసి చాలా కాలమైంది.

పొద్దుటి రద్దీ కొంచెం సద్దుమణిగాక ఆమె స్టూలు కింద ఉన్న రేకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకాన్ని తీసింది. లావుపాటి నవల. పేరు 'రెండో కప్పు'. అట్ట మీద పళ్ళెం పక్కన రెండు కాఫీ కప్పులు, వెనక తలుపు సందులోంచి తొంగిచూసే ఒక కన్ను. కన్ను ఆడదో మగదో బొమ్మ వేసినవాడికే తెలియాలి.

కథ హైమవతి అనే ఆమెది. ఏదో పెద్ద పట్నంలో, ఎత్తయిన మేడలో ఒక్కతే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఒక కప్పు పాలు తాగి, కప్పు సింకులో పెడుతుంది. తెల్లారి లేచి చూస్తే సింకులో రెండు తడి కప్పులుంటాయి. తాళం మారుస్తుంది. అయినా రెండు కప్పులే. కిటికీలు బిగిస్తుంది. రెండే. మెల్లమెల్లగా ఆమె ఉద్యోగానికి పోవడం మానేస్తుంది, పొరుగువాళ్ళు పలకరిస్తే జవాబివ్వదు, ఫోనును బియ్యం డబ్బాలో పూడ్చిపెడుతుంది. మనిషి దారం దారంగా ఊడిపోతూ ఉంటుంది. చదువుతుంటే సుకుమారికి పట్టపగలు, అంత ఎండలో, వీపు మీద చల్లగా పాకేది.

ఇంకా పది పన్నెండు కాగితాలు మిగిలి ఉన్నాయి. వాటిని వేలితో అలా తడిమి చూసి, మళ్ళీ పుస్తకం మూసేసింది. రోజూ చేసే పనే ఇది.

"సుకుమారమ్మా!"

రజిత స్కూటీ దిగింది. ఆత్మకూరులో బ్యాంకు ఉద్యోగం ఆ అమ్మాయికి. రోజూ ఉదయం బండి ఇక్కడ పెట్టి బస్సెక్కుతుంది, సాయంత్రం దిగి బండి తీసుకుని పోతుంది. ఒకనాడు సుకుమారి బజ్జీలు తినేసి, బజ్జీలు కట్టిన కాగితాన్ని విప్పి చదువుతూ, అందులోని కథకు మిగతా సగం కోసం పెంచలయ్య టీకొట్టు దగ్గర కాగితాలన్నీ వెతుకుతుంటే రజిత చూసింది. మర్నాడు బ్యాగులోంచి ఈ నవల తీసి ఇచ్చింది. అప్పటికి ఇళ్ళ ముందు క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా కట్టలేదు. ఇప్పుడు వాటిని దించి అటక మీద పెట్టి కూడా చాలా రోజులైంది.

"ఇయ్యాలే ఆత్మకూరుకు ఆఖరు. నెల్లూరు బ్రాంచికి వేసినారు. రేపు పొద్దున్నే సామాన్లు ఎత్తేస్తా ఉండాం" అంది రజిత.

"నెల్లూరికా? మంచిది మేడమ్. ఇంక ఈ బస్సుల ఎంట పరిగెత్తే పని ఉండదు."

"పుస్తకం అయిందా మరి? అది మా అక్కది. అడిగి అడిగి దానికి నోరు నొప్పి పుట్టింది."

"ఇంకొంచెం ఉండాది."

"ఇంకానా! నేను రెండు రోజుల్లో అయిపోగొట్టినాను. భయానికి నిద్ర కూడా పోలా." రజిత నవ్వుతూ బిళ్ళ అందుకుంది. "సాయంత్రం తీసుకుంటా. ఏమీ అనుకోవద్దు."

ఆత్మకూరు బస్సు పొగ వదులుతూ పోయింది. సుకుమారి చేతిలో పుస్తకంతో షెడ్డు గుంజకు చేరగిలబడింది. ఇంక దాటవేయడానికి లేదు. సాయంత్రానికి హైమవతి అయిపోవాలి.

నిజానికి ఆ పుస్తకం ఎప్పుడో అయిపోవాల్సింది. చదవడం రాక కాదు, సుకుమారి మిషను బోర్డింగు స్కూల్లో పదో తరగతి దాకా చదివింది. ఆగిపోవడానికి కారణం వేరే ఉంది. అది ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు.

ప్రతి గురువారం సాయంత్రం బాప్టిస్టు స్త్రీల కూటం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. పాటలు అయ్యాక, వాక్యం అయ్యాక, టీ రాకముందు, ఎవరెవరికి ఏమేమి ప్రార్థన మనవులు ఉన్నాయో చెప్పమంటారు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి కొడుకు పరీక్ష, ఒకరికి చూలు నిలవని గేదె. అందరివీ కలిపి ప్రార్థన చేస్తారు. మొగుడు పోయినప్పటి నుంచీ సుకుమారి వంతు వస్తే "నాకేమీ లేదు, అందరూ బాగుండాల" అనేది. ఆ మాట విని విని ఆమెను అడగడమే ఒక మర్యాదగా మిగిలింది.

నవల మొదలుపెట్టిన కొత్తలో ఒక గురువారం కూటం జెస్సీ అనే ఆమె ఇంట్లో జరిగింది. ఆ మధ్యాహ్నమే సుకుమారి హైమవతి తాళం మార్చిన భాగం చదివింది. తల నిండా ఆమే. వంతు వచ్చేసరికి నోరు దానంతట అదే కదిలింది.

"ఒకామె ఉండాది. పేరు హైమవతి. పట్నంలో ఒక్కతే ఉంటాది. రాత్రుళ్ళు నిద్ర లేదు. ఇంట్లో ఎవురో తిరగతా ఉండారని భయం. రాత్రి ఒక కప్పు పెడితే తెల్లారికి రెండు కప్పులంట. ఎవురితోనూ మాట్లాడదు."

'పుస్తకంలో' అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. వచ్చేలోపు లిదియమ్మ మోకాళ్ళ మీదికి వెళ్ళిపోయింది. లిదియమ్మ కూటంలో అందరికన్నా పెద్దది. మిషను ఆసుపత్రిలో కాన్పుల గదిలో పనిచేసి దిగిపోయిన మనిషి. నెల్లూరు బస్సునైనా చెయ్యి అడ్డం పెట్టి ఆపొచ్చు గానీ, లిదియమ్మ ప్రార్థన మొదలుపెడితే ఆపలేరు. "ప్రభువా, హైమవతిని చూడు. నిద్రపట్టని నీ బిడ్డను చూడు. భయపెట్టే దాన్ని తరిమికొట్టు" అని ఆమె గొంతెత్తేసరికి ఆడవాళ్ళందరూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. అందరూ ఆమేన్ అన్నారు, సుకుమారి కూడా అంది. దేవుడి ముందు పెట్టిన మనిషిని 'ఉత్తిదే' అని వెనక్కి తీసుకోవడం ఎట్లా? ఆమెకు తోచలేదు.

మర్నాడు సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. జెస్సీ. చేతిలో నిమ్మకాయ ఊరగాయ జాడీ.

"హైమవతి ఎట్టుండాది వదినా? ఒంటరోళ్ళు వండుకోరు. ఎవురన్నా పట్నం పొయ్యేవాళ్ళుంటే ఇది పంపిచ్చు."

ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, కారప్పొడి డబ్బాతో. ఇంకొకరు నూనె సీసాతో. ఆటో మాట్లాడుకుని అందరూ కలిసి వెళ్ళి చూసొద్దామన్నారు. "చానా దూరం" అంది సుకుమారి, అది మాత్రం అబద్ధం కాదనుకుంది. జెస్సీకి ఇంకొక ఆలోచన వచ్చింది. వాళ్ళ పెదనాయన కొడుకు వరప్రసాదం ఆర్టీసీలో చేసి రిటైరై ఉన్నాడు. ఆయనకూ ఎవరూ లేరు. "హైమవతికి మనసుంటే మాట్లాడదాం వదినా. ఆ రెండో కప్పు మా అన్న తాగతాడు" అంది. హైమవతి పేరు మీద వచ్చిన ఊరగాయతో సుకుమారి అన్నం తినేది. తినేటప్పుడు సిగ్గుపడేది, తిన్నాక ఇంకొంచెం వేసుకునేది. ఊరగాయ అంత బాగుండేది మరి.

లిదియమ్మ మాత్రం రోజూ వచ్చేది. వీధిలో నాలుగిళ్ళ అవతలే ఉంటుంది. చీకటి పడే వేళకు కర్ర టకటకమని చప్పుడయ్యేది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తన కప్పు. తెల్లటి ఎనామిలు కప్పు, అంచుకు నీలం గీత, ఒక పక్క పెచ్చులేచి నల్లగా కనబడుతుంది. స్టీలు గ్లాసు వేళ్ళు కాలుస్తుందని ఎక్కడికి పోయినా ఆ కప్పు వెంట ఉండాల్సిందే. టీ తాగుతూ "చెప్పు, ఇయ్యాల ఏం చేసింది మన పిల్ల?" అని అడిగేది. సుకుమారి ఆ రోజు చదివిన భాగం చెప్పేది. అదంతా నీకెట్లా తెలిసిందని లిదియమ్మ ఎన్నడూ అడగలేదు. అరగంట, ముప్పావుగంట. అంతా విని, అక్కడికక్కడే ఒక చిన్న ప్రార్థన చేసి, కప్పు కడుక్కుని పోయేది.

అంతకుముందు సుకుమారి ఇల్లు ఎట్లా ఉండేది? మొగుడు పోయాక సాయంత్రం వచ్చి గడియ వేసుకునేది. మర్నాడు ఉదయం మొదటి బండివాడితో "ఈడ పెట్టు" అనే దాకా నోరు తెరిచేది కాదు. తెల్లవారకముందే కొళాయి దగ్గరకు పోయి ఎవరూ రాకముందే నీళ్ళు పట్టుకొచ్చేది. ఆ రోజుల్లో కొన్ని సాయంత్రాలు ఎవరో తలుపు కొట్టారు కూడా. ఆమె మంచం మీంచి లేవలేదు. కొట్టినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఇప్పుడు సాయంత్రం అవుతుందంటే ఆమెకు ఉషారు. దారిలో అల్లం కొనుక్కుంటుంది. కానీ ఈ ఉషారంతా ఎవరి పేరు మీద వచ్చింది? హైమవతి పేరు మీద. పుస్తకం అయిపోతే హైమవతి అయిపోతుంది. హైమవతి అయిపోతే తన తలుపు ఎవరు కొడతారు? ఆ భయంతోనే ఆమె రోజుకు నాలుగు పేజీలు, తర్వాత రెండు పేజీలు, ఒక్కోరోజు చదివిందే మళ్ళీ చదివేది. నవలలో హైమవతి తలుపులు మూసుకుంటూ పోతుంటే, ఇక్కడ సుకుమారి వాటిని ఇంకా కొన్నాళ్ళు మూసే ఉంచాలని కోరుకునేది. అందుకు తనను తను తిట్టుకునేది కూడా.

పన్నెండు దాటాక బస్టాండు మీద ఎండ పరుచుకుంది. ఎదురుగా కొండ, దాని మీది కోటగోడలు ఎండకు వెలిసిపోయినట్టున్నాయి. వరికుంటపాడు బస్సు వచ్చి పోయింది. ఒక పెద్దాయన బిళ్ళ పోగొట్టుకుని, బండి తనదేనని ఒట్టు పెట్టి, బండి పేరు చెప్పలేక, చివరికి సీటు కింద పెట్టిన ఎండుచేపల పొట్లం వాసన చూపించి విడిపించుకున్నాడు. సుకుమారి అన్నం డబ్బా విప్పకుండానే కళ్ళజోడు పెట్టుకుంది.

చివరి భాగంలో హైమవతి ఒక చిన్న కెమెరా తెచ్చి వంటగదిలో పెడుతుంది. తెల్లారి చూసుకుంటుంది. అందులో కనబడింది ఎవరో కాదు, హైమవతే. నిద్రలో లేచొచ్చి, రెండు కప్పుల్లో పాలు పోసి, ఒకటి ఎదుటి కుర్చీ ముందు పెట్టి, ఖాళీ కుర్చీతో నవ్వుతూ మాట్లాడుతోంది.

సుకుమారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. భయం వేయలేదు. ఏడుపొచ్చింది. "ఓసి పిచ్చిదానా, మాట్లాడే మనిషి కోసరమా ఇదంతా?" అంది పైకే.

"ఎవురితో అక్కా?" అన్నాడు టీగ్లాసుతో వచ్చిన పెంచలయ్య. రెండో కప్పు తాగేదెవరో తేలాలని బస్టాండులో అందరికన్నా ఎక్కువ ఆత్రంగా ఉన్నది అతనే. సుకుమారి చెప్పింది. అతను నోరు తెరిచాడు.

"సొంతానికి తనే పెట్టుకుంటా ఉండిందా! రామ రామ. ఆ తర్వాత?"

"ఉండు, చదవనీ."

ఆ తర్వాత హైమవతి ఇంక బయటికి పోదు. వండుకోదు. దీపం వేసుకోదు. ఎన్ని రోజులో ఆమెకే తెలియదు. ఒక సాయంత్రం తలుపు చప్పుడవుతుంది. ఒకసారి. మళ్ళీ. కొట్టేది నిజమో తన తలలోనో హైమవతికి తెలియదు. లేస్తుంది. గోడ పట్టుకుని నడుస్తుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది.

సుకుమారి పేజీ తిప్పింది. తెల్ల కాగితం. ఇంకోటి తిప్పింది. ఆ కంపెనీవాళ్ళు వేసిన మిగతా పుస్తకాల ధరలు ఉన్నాయి.

"ఏందిది!" అని గట్టిగా అరిచింది. రెండు కాగితాలు అతుక్కుపోయాయేమోనని బొటనవేలితో గీరి చూసింది. అట్ట వెనక కూడా చూసింది.

"తీసిందా?" అన్నాడు పెంచలయ్య.

"రాయలా."

"రాయకపోవడం ఏందక్కా? టీ కాచి, పోసి, గ్లాసు చేతికియ్యకుండా కొట్టు కట్టేసినట్టుండాదే!"

మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ రాసినవాళ్ళను తిట్టుకున్నారు. మనుషులు బండ్లు పెట్టారు, తీసుకుపోయారు. సుకుమారి రెండు బండ్లకు ఒకే నంబరు వేసింది.

సాయంత్రం ఆత్మకూరు బస్సు దిగి రజిత వచ్చింది. చేతిలో పూలదండ, తోటివాళ్ళు వేసి పంపినట్టుంది. పుస్తకం అందుకుని బ్యాగులో పెట్టుకుంది.

"ఆమె తలుపు తీసిందా లేదా మేడమ్?" అంది సుకుమారి.

"అది మనమే ఊహించుకోవాల సుకుమారమ్మా."

"మనమే ఊహించుకునేదానికి వాళ్ళకు డబ్బులు ఎందుకిచ్చినట్టు?"

రజిత పడీపడీ నవ్వింది. సుకుమారి చీరకొంగుతో రజిత స్కూటీ సీటు మీది సుద్ద నంబరు తుడిచేసింది. మామూలుగా ఎవరికీ తుడవదు. రజిత పూలదండలోంచి ఒక చామంతి తెంపి ఆమె చొక్కా జేబులో పెట్టి, బండి ఎక్కి, సందు మలుపులో చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. మంచి పిల్ల, చల్లగా ఉండాలనుకుంది సుకుమారి.

దారిలో అల్లం కొంది. ఇల్లు చేరేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంక దాచడం తన వల్ల కాదు. హైమవతి గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది, రేపు చెప్పడానికి ఏమీ లేదు. పోతే పోనీ, ఎవరూ రాకపోతే రాకపోనీ. మోకాళ్ళ నొప్పులని మూలుగుతూనే రోజూ మోకరించే ఆ ముసలామెకు నిజం చెప్పాలి.

కర్ర చప్పుడు ఎప్పటి వేళకే వినిపించింది. లిదియమ్మ ఒకప్పుడు పొడుగు మనిషి, ఇప్పుడు నడుం దగ్గర మడత పడింది. నోట్లో రెండే పళ్ళు, అవి రెండూ పైవరసలో. గొంతు మాత్రం కాన్పుల గదిలో అరిచినప్పటిదే. గడప మీద కూర్చుని కప్పు ముందుకు చాపింది. సుకుమారి టీ పోసింది, తన స్టీలు గ్లాసులోనూ పోసుకుంది.

"పెద్దమ్మా, నీకొక మాట చెప్పాల."

"టీ చల్లారకముందే చెప్పు."

"హైమవతి మనిషి కాదు."

లిదియమ్మ కప్పు దించింది. "దెయ్యమా?"

"కాదు పెద్దమ్మా. పుస్తకంలో మనిషి. నవల. ఎవురో రాసినారు. ఆ రోజు నోరు జారినాను. పుస్తకమని చెప్పేలోపల నువ్వు మోకాళ్ళ మీదికి పొయ్యినావు. ఆ తర్వాత చెప్పలేకపొయినాను. నన్ను క్షమించు."

వీధిలో మేకలు పోతున్నాయి. అవన్నీ దాటేదాకా లిదియమ్మ వాటినే చూసింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని సుకుమారి గాబరాపడింది. చూస్తే నవ్వు. చప్పుడు లేకుండా మొదలై, తర్వాత దగ్గుతో కలిసి, కప్పులో టీ ఒలికేదాకా నవ్వింది.

"కాగితంలో మనిషి కోసరమా నేను మోకాళ్ళు అరగదీసింది! అది సరే, జెస్సీ పెండ్లి మాట్లాడింది గదే ఆమెకు! వరప్రసాదం కొత్త చొక్కా కుట్టించుకున్నాడంట!"

సుకుమారికీ నవ్వాగలేదు. ఇద్దరూ గడప మీద ఒకరి మీద ఒకరు ఒరిగి నవ్వారు. అంతగా నవ్వి సుకుమారికి ఎన్నేళ్ళయిందో. పొట్ట నొప్పి పుట్టింది.

లిదియమ్మ కళ్ళు తుడుచుకుంది. "సరే, కత ఏమయింది? కడాకు చెప్పు."

సుకుమారి చెప్పింది. రెండు కప్పులూ తనే పెట్టుకోవడం, చీకట్లో కూర్చోవడం, తలుపు చప్పుడు, గడియ మీద చెయ్యి. అక్కడితో ఆపేశారని చెప్పింది.

"తలుపు కొట్టింది ఎవురు?"

"రాయలా."

"ఆ ఊళ్ళో ఆమెకు ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ లేరు."

"మరి ఇంకెవురు కొడతారే? గురువారం గురువారం ఇంతమంది ఆడోళ్ళం హైమవతీ, హైమవతీ అని పిలస్తానే ఉంటిమి గదా. మనమే కొట్టినాం." లిదియమ్మ ఒక గుక్క తాగింది. "రేపు కూటంలో లేచి సాక్ష్యం చెప్పు. తలుపు తీసిందని చెప్పు."

"అబద్ధం కాదా పెద్దమ్మా?"

"నీ మొగుడు పొయినాక ఈ తలుపు ఎన్ని తూర్లు కొట్టినానో నీకు తెలుసునా? లోపల లైటు ఎలగతానే ఉన్నింది. నువ్వు తియ్యలా. ఇప్పుడు తీసినావు. దీంట్లో అబద్ధం యాడుండాది?"

ఆ రోజుల్లో తలుపవతల కర్ర ఆనించుకుని నిలబడింది ఈమేనా? ఎంతసేపు నిలబడిందో, ఎన్నిసార్లు వచ్చి తిరిగి పోయిందో. సుకుమారి ముసలామె చెయ్యి పట్టుకుంది. ఎండుకొమ్మలాంటి చెయ్యి, కానీ వెచ్చగా ఉంది.

"పుస్తకం అయిపోయింది పెద్దమ్మా. రేపట్నించి నువ్వు రావా?" అని అడిగేసింది చివరికి.

"నేను హైమవతి కోసరం వస్తా ఉండాననుకున్నావా? టీ కోసరం వస్తా ఉండా. మా కోడలు షుగరని చక్కెర వెయ్యదు." కర్ర పట్టుకుని లేచింది. "ఇంకో పుస్తకం తెచ్చుకో. ఈ తూరి నవ్వొచ్చేది తే. ఏడిచేవాళ్ళ కోసరం చానా ప్రార్థన చేసినాం."

కప్పు కడిగివ్వబోతే వద్దంది. "ఈడే ఉండనీ. రోజూ మోసకరావాలంటే చెయ్యి లాగతాది." రెండు చేతులా కర్ర పట్టుకుని టకటకమంటూ పోయింది. సందు మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "వరప్రసాదం చొక్కా!" అని మళ్ళీ నవ్వుకుంటూ నడిచింది.

తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. సుకుమారి మొదటి చప్పుడుకే లేచి గడియ తీసింది. లిదియమ్మ కొడుకు శాంతికుమార్.

"అమ్మ లేవలా అక్కా" అన్నాడు. "నిద్రలోనే పొయింది."

సుకుమారి చెప్పులు కూడా వేసుకోలేదు. లిదియమ్మ చాప మీద పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, ఏదో జోకు సగంలో నిద్రపోయినట్టు ఉంది. పెదవి కింద ఆ రెండు పళ్ళు కనబడుతున్నాయి. సుకుమారి పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది. బొటనవేలి సుద్ద తెల్ల వెంట్రుకల మీద కనబడనైనా లేదు. ఏడ్చింది. అంత హాయిగా పోయిన మనిషి పక్కన ఎక్కువసేపు ఏడవడం ఆమెకు చేతకాలేదు.

ఆ రోజే గురువారం. సాయంత్రం జరగాల్సిన కూటం పొద్దున్నే లిదియమ్మ ఇంట్లో జరిగింది. కూటంలోవాళ్ళందరూ వచ్చారు. ఉదయగిరిలో సగం మందిని ఆ చేతులే లోకంలోకి లాగాయి కనుక కూటానికి రానివాళ్ళు కూడా వచ్చారు. కొట్టు కట్టేసి పెంచలయ్య వచ్చి ఇంటి బయట నిలబడ్డాడు. పాటలు పాడారు. పాట ఆగినప్పుడు జెస్సీ కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దమ్మ రోజూ హైమవతి కోసరం ప్రార్థన చేసేది. ఆమె ఎట్టుండాదో ఎవురికన్నా తెలుసునా?" అంది.

సుకుమారి లేచి నిలబడింది. మొగుడు పోయాక కూటంలో లేచి నిలబడటం అదే మొదటిసారి.

"హైమవతి తలుపు తీసింది" అంది. "నిన్న సాయంత్రం. పెద్దమ్మే తీయించింది."

"స్తోత్రం" అన్నారు అందరూ. గుమ్మం బయట పెంచలయ్య కూడా, ఆ మాట అలవాటు లేనివాడు, గట్టిగా అన్నాడు.

జెస్సీ ముక్కు ఎగబీల్చింది. "మరి మా అన్న సంగతో?"

సుకుమారి చాప మీది లిదియమ్మను చూసింది. ఎంత ఆపుకున్నా నవ్వు తన్నుకొచ్చింది. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి శాంతికుమార్, ఎందుకో తెలియకుండానే నవ్వారు. చావింట్లో నవ్వు పాపమని ఎవరికీ అనిపించలేదు. జెస్సీకి అసలు సంగతి తర్వాత చెప్పాలి, చొక్కా సంగతి తేల్చాలి. దానికి ఇంకో సాయంత్రం పడుతుంది, జెస్సీ రావాలి, టీ పెట్టాలి.

మధ్యాహ్నం కొండ కింది సమాధుల తోటలో మట్టి వేసి, దోసిళ్ళు దులుపుకుని అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు మళ్ళారు. ఉదయం వెళ్ళేటప్పుడు సుకుమారి తలుపు వేయడం మరిచిపోయింది. ఇల్లు బార్లా తెరిచి ఉంది. లోపలికి పోయి కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి నడిచి, నీళ్ళ తొట్టి దగ్గర ఆగింది.

తొట్టి గట్టు మీద, తన స్టీలు గ్లాసు పక్కన, నీలం అంచు తెల్ల కప్పు, అడుగున నిన్నటి టీ చుక్క ఎండిపోయి, చక్కెరకు వచ్చిన చీమలతో అలాగే ఉంది.